నాన్నగారి పద్మినిని ఉంచుకోవాలా, ఎర్టిగా కొనాలా?

నల్లకుంట వాసి:
మా ఇంటి ముందు పట్టేది ఒక్కటే కారు. ఇప్పుడక్కడ నాన్నగారు కొన్న 1984 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. ఇంట్లో ఆరుగురం. ముందు సీటు బల్లలా ఒకటే, గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది కనుక ముందు ముగ్గురు, వెనక ముగ్గురు సర్దుకుంటున్నాం. కిందటి మే నెలలో యాదగిరిగుట్టకు బయలుదేరితే బీబీనగర్ దగ్గర ఆగిపోయింది. వేడికి పెట్రోలు ఆవిరై పంపు లాగడం మానేసింది. పంపుకు తడిగుడ్డ చుట్టి అరగంట వేపచెట్టు కింద కూర్చున్నాం. నాకు సరదాగానే ఉంది, మా అత్తగారికి లేదు. మారుతి వాళ్ల ఏడు సీట్ల ఎర్టిగా కొందామంటున్నారు. నిజం చెప్పండి, కాస్త మెల్లగా.

రాణిగంజ్ విడిభాగాలు:
మెల్లగా చెప్పడం నాకు రాదు. మీ పద్మినిది 1089 సీసీ, బలం నలభై గుర్రాలకు అటూఇటూ. ఎర్టిగాది 1462 సీసీ, నూరు గుర్రాలు దాటుతుంది. అది పక్కన పెట్టండి. ముందు సీటులో మధ్యన కూర్చునే పిల్లకు బెల్టు ఏది? ఎయిర్‌బ్యాగులు లేవు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. పైగా ఇప్పుడు బంకులో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు గొట్టాలూ, పంపులో పెట్రోలు లాగే పొర డయాఫ్రమూ దానికి తట్టుకోవు. బండిని అమ్మినా అమ్మకపోయినా ముందు అవి మార్పించండి.

సైనిక్‌పురి ఫియట్:
బెల్టు మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఎర్టిగాలో ఏడుగురూ కూర్చుంటే డిక్కీలో మిగిలేది 209 లీటర్లే. గుట్టకు వెళ్లి ప్రసాదంతో రావచ్చు, పెళ్లికి వెళ్లి పెట్టెలతో రాలేరు. పద్మినిని అమ్మకండి, ఎక్కడైనా నీడన దాచండి. 2034కు దానికి 50 ఏళ్లు నిండుతాయి. అప్పటికి అసలు రూపం చెడకుండా ఉంటే వింటేజ్ బండిగా నమోదు చేయించవచ్చు. ఆ తరువాత రోజూ తిప్పడానికి మాత్రం వీలుండదు, ప్రదర్శనలకూ ర్యాలీలకే.

నల్లకుంట వాసి:
ఆదివారం అమ్మను షోరూముకు తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో పద్మినిలోంచి లేవాలంటే ఇద్దరం చెయ్యి అందించాలి. ఎర్టిగా మధ్య వరుసలో తనంతట తానే ఎక్కి కూర్చుంది, దిగింది, మళ్లీ ఎక్కింది. "మీ నాన్న ఉంటే ఒప్పుకునేవారు కాదు" అంటూనే కిటికీ మీట నొక్కి చూసుకుంది. అడ్వాన్సు కట్టేశాను. పద్మిని తార్నాకలో అక్కావాళ్ల షెడ్డుకు వెళుతోంది. వారానికోసారి నేనే వచ్చి స్టార్టు చేయాలని అక్క షరతు. గొట్టాలు మార్పించేదాకా ముట్టుకోవద్దని బావగారికి గట్టిగా చెప్పాను. నిన్న రాత్రి ఆయన ఫోను చేసి, స్టార్టు చేసేటప్పుడు చోక్ ఎంత లాగాలని అడిగారు.