అప్‌డేట్: అమ్మకానికి ముందు బాల్కనీ స్లాబు పెచ్చుల మరమ్మతు (విశాఖపట్నం)

లాసన్స్ బే కాలనీలోని మా పాత ఇంటిని అమ్మకానికి పెట్టేముందు, బాల్కనీ స్లాబు అడుగున ఊడిపోతున్న పెచ్చులకు ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

డాబా మీది నీరు దిగుతోందని చాలామంది అనుమానించారు. అయితే స్ట్రక్చరల్ ఇంజినీరు సుత్తితో తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చిన చోట పెచ్చు తీయించగా, లోపలి ఇనుప చువ్వలు పొరలు పొరలుగా తుప్పు పట్టి కనిపించాయి. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి చేరి చువ్వలకు తుప్పు పట్టిస్తుందని, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుందని ఆయన వివరించారు. డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేయించవలసిన అవసరమే రాలేదు.

ముందు పెచ్చులు తీసి చూడమన్న సలహాయే పనిచేసింది. చువ్వలను వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్దించి, తుప్పు నిరోధక పూత వేయించి, పాలిమర్ మోర్టారుతో (పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక మిశ్రమంతో) పూడ్పించాం. పైపైన సిమెంటు పూసి రంగు వేస్తే చాలన్న మేస్త్రీ మాటకు నేను ఒప్పుకోలేదు. కొనేవారి పిల్లలు ఆ బాల్కనీ కిందనే ఆడుకుంటారు కదా. మరమ్మతు ఫోటోలు, బిల్లులు, ఈసీ (ఆస్తిపై తాకట్టులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదులు ఒకే ఫైలులో పెట్టి చూపించాం. బేరం కుదిరి, అగ్రిమెంటు రాసుకున్నాం.