అప్‌డేట్: ఓల్డ్ ర్యాగ్ ఒక్కదాన్నే ఎక్కి వచ్చాను

వర్జీనియాలో షెనాండోవా పార్కులోని ఓల్డ్ ర్యాగ్ కొండకి ఒక్కదాన్నే వెళ్లొచ్చా అని పోయిన నెల అడిగాను కదా, వెళ్లొచ్చాను. మీరు చెప్పినట్టే డే టికెట్ ముందే కొన్నాను. చుట్టు మొత్తం దాదాపు 15 కిలోమీటర్లు. అడవిలో చెట్ల మీద నీలం గుర్తులు చూసుకుంటూ నడవడం తేలికే. అసలు టెన్షన్ పైనున్న బండల దగ్గర! ఒక సందులో బ్యాగు ఇరుక్కుపోయింది. దాన్ని తీసి ముందు పైకి తోసి, మోకాలు ఆనించి ఎక్కాను. అరచేయి గీసుకుపోయింది. వెనక వస్తున్న పెద్దావిడ ఆగి, కాలు ఎక్కడ పెట్టాలో ఓపిగ్గా చూపించారు. దిగేటప్పుడు బండల జోలికి పోకుండా శాడిల్ ట్రయల్ అనే కాలిబాట, ఫైర్ రోడ్డు (అడవిలో మంటలార్పే బండ్ల కోసం వేసిన దారి) మీదుగా వచ్చేశాను. మూడు లీటర్ల నీళ్లు సరిగ్గా సరిపోయాయి. ఎన్నింటికల్లా తిరిగొస్తానో అక్కకి చెప్పి బయల్దేరమన్న వాళ్లకి చాలా థాంక్స్. ఆ ఒక్కమాటతో ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు.