సోనీ కెమెరాలు ఏ7ఆర్ 3, 4, 5: రామప్ప శిల్పాలకు ఏది తీస్కోవాలె?

ప్రశ్న (హన్మకొండ)
అన్నలూ, రామప్ప, వేయి స్తంభాల గుడి, ఖిల్లా శిల్పాలు దగ్గర్నుంచి తీసుడు నా అసలు పని. సీజన్ల పెళ్ళిళ్లు కూడా ఉంటయ్. సోనీ ఏ7ఆర్ 3, 4 సెకండ్ హ్యాండ్‌ల దొరుకుతున్నయ్, 5 అయితే కొత్తదే కొనాలె. 4కూ 5కూ 61 మెగాపిక్సెళ్లే గదా, 5కు అన్ని పైసలు ఎందుకు పెట్టాలె? లెన్సులు 90 మాక్రో (దగ్గర్నుంచి తీసేది), 24-70 ఉన్నయ్.

జవాబు 1
బొమ్మ నాణ్యతల 4కూ 5కూ తేడా వెతికినా దొరకది తమ్మీ. తేడా చేతుల పట్టుకొని తీసినప్పుడే. రామప్పల ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలె. లోపల స్తంభాలది నల్లరాయి, వెలుతురు మింగుతది. 3, 4ల స్టెబిలైజర్ (చేతి వణుకును ఆపేది) కంపెనీ లెక్కల 5.5 స్టాపులు, 5ల 8; ఒక్కో స్టాపుకు షట్టర్ రెండింతలసేపు తెరిచి ఉంచొచ్చు. అయితే మాక్రోతోని శిల్పం ముఖం దాకా పోతే అన్ని స్టాపులు చేతికి రావు. మనిషి ముందుకు, వెనుకకు ఊగుడును ఏ స్టెబిలైజరూ ఆపలేదు.

61 మెగాపిక్సెళ్లల చిన్న వణుకు కూడా కనబడతది. 90 ఎంఎం లెన్స్‌కు షట్టర్ 1/90 సెకను సరిపోదు, 1/200 పెట్టు, ఐఎస్ఓ (వెలుతురుకు సున్నితత్వం) 1600కు పోయినా ఫర్వాలేదు. లెన్స్ రంధ్రం ఎఫ్/8 దగ్గర ఆపు, ఎఫ్/11 దాటి ఇంకా చిన్నగైతే డిఫ్రాక్షన్‌తోని, అంటే వెలుతురు చెదిరి, ఉలి గీతలు మెత్తబడతయ్. 4ల 16 ఫొటోల పిక్సెల్ షిఫ్ట్ (సెన్సర్‌ను కొద్దికొద్దిగ జరిపి తీసినవన్నీ ఒక్కటి చేసుడు) చూసి ఆశపడకు, ట్రైపాడ్ లేనిది అది పనికిరాదు. 5ల ఫోకస్ బ్రాకెటింగ్ (ఫోకస్ జరుపుకుంట వరుసగ ఫొటోలు తీసుడు) ఉంది, అనుమతి దొరికిన రోజు మస్తు పనికొస్తది.

జవాబు 2
పెళ్ళిళ్ల సంగతి. 12×36 ఆల్బంల ఒక పేజీ 12×18, అంటే 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 3600×5400, ఇరవై మెగాపిక్సెళ్లు కూడా కాదు. 4ల అన్‌కంప్రెస్డ్ (కుదించని) రా ఫైలు, అంటే సెన్సర్ ఇచ్చిన అసలు డేటా, దాదాపు 120 ఎంబీ, వెయ్యి ఫొటోలకు 120 జీబీ. కంప్రెస్డ్ పెడితే సగమే, కానీ కొంత డేటా పోతది. 5ల లాస్‌లెస్ (డేటా పోకుండ కుదించుడు) ఉంది, దాంట్ల ఎం (మధ్యరకం) సైజు పెడితే 26 మెగాపిక్సెళ్లు, ఆల్బంకు అదే చాలు.

సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) మాత్రం మండపంల వాడకు. 4, 5ల సెన్సర్ మొత్తం చదవడానికి సెకనుల పదో వంతు దాకా పడతది, ఎల్ఈడీ లైట్ల కింద చారలొస్తయ్. మెకానికల్ షట్టర్, 1/100 సెకను, యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకును తప్పించేది) ఆన్ పెట్టు. 3ల రెండు కార్డు స్లాట్లల్ల ఒక్కటే యూహెచ్ఎస్-2 (వేగంగ రాసే రకం). రెండు కార్డులల్ల ఒకేసారి రాస్తే నెమ్మదైన రెండోదాని కోసం బఫర్ (కార్డుకు ఎక్కేదాకా ఫొటోలుండే మెమరీ) ఆగుతది.

ప్రశ్నదారు
3 తీస్కుంటే శిల్పాల ప్రింటుకు తక్కువైతదా?

జవాబు 1
42 మెగాపిక్సెళ్లకు 300 డీపీఐల 26×17 అంగుళాలు వస్తది, 61కి 31×21. గోడకు పెట్టే ప్రింటుకు 3 చాలు. నన్నడిగితే పైసలుంటే 5, లేకుంటే 3. 4తోని ఫైళ్ల బరువు పెరుగుతది, చేతి నిలకడ మాత్రం 3ల ఉన్నంతే.

జవాబు 3
సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు ఎఫ్/16ల తెల్లగోడ తీసి సెన్సర్ మీది మచ్చలు చూడు. లెన్స్ మూత పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే హాట్ పిక్సెళ్లు (చీకట్ల కూడా మెరిసే చెడు చుక్కలు) బయటపడతయ్. రెండు స్లాట్లల్ల కార్డు పెట్టి రాయించు. షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో) అడుగు. ఆఫ్ చేసి ఊపితే లోపల టకటకమంటది, అది స్టెబిలైజర్‌దే, దానికి భయపడకు. లెన్స్ బిగించినంక మౌంట్ కాడ కదిలితే మాత్రం వద్దు.