లినక్స్ కెర్నల్ (సిస్టమ్ అంతటినీ నడిపే మూల ప్రోగ్రాం) 6.1 నుంచి 6.6కి మారాక చెరువు దగ్గర సీరియల్ కేబుల్ పనిచేయడం లేదు. కేబుల్‌ని నడిపే డ్రైవర్‌లో ఏం మారిందో ఎలా పట్టుకోవాలి?

ఉప్పుటేరు:

అందరికీ నమస్కారమండి. మాది ఆకివీడు పక్క పల్లెటూరు, కంప్యూటర్ రిపేరు షాపు నాది. మా బావకి నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువుంది. నీళ్లలో ఆక్సిజన్ చూసే డీఓ సెన్సర్ పెట్టి, ఆర్‌ఎస్-485 వైరు (దూరానికి సిగ్నల్ మోసేది) గట్టు మీది షెడ్డు దాకా లాగి, యూఎస్‌బీ-సీరియల్ కేబుల్‌తో పాత ల్యాప్‌టాప్‌కి కలిపాను. దాంట్లో లినక్స్. నేను రాసిన చిన్న పైథాన్ ప్రోగ్రాం నిమిషానికోసారి మోడ్‌బస్ అనే సెన్సర్ల భాషలో రీడింగ్ అడుగుతుంది. 4 పీపీఎం కన్నా తగ్గితే బావ ఫోను మోగుతుంది, ఆయన లేచి మిగతా ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) వేస్తాడు. రెండు పంటలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

పోయిన వారం అప్‌డేట్లు వేశాను. కెర్నల్ 6.1 నుంచి 6.6కి మారింది. రీబూట్ చేసి, సాయంత్రం రీడింగ్ వస్తోందని చూసుకునే ఇంటికొచ్చాను. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి అది కూడా ఆగి మళ్లీ లేచింది. అప్పట్నుంచి ఒక్క రీడింగూ లేదు. రీడింగ్ తగ్గితే మోగాలని రాశాను గానీ అసలు రాకపోతే మోగాలని రాయలేదు, ఆ తప్పు నాదే. తెల్లవారుజామున నాలుగింటికి బావ అలవాటుకొద్దీ లేచి టార్చి వేస్తే రొయ్యలు గట్టు వారకి చేరి తేలుతున్నాయట. ఏరేటర్లన్నీ వేసినా పొద్దున్నకి పది పదిహేను కేజీలు పోయాయి. బావ నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధగా ఉంది.

ఇప్పటిదాకా చూసింది ఇది. 6.6లో కేబుల్ కనిపిస్తుంది, పోర్టు తెరుచుకుంటుంది, కానీ ప్రతిసారీ టైమౌటే. సెన్సర్ బాడ్ రేటు (డేటా పంపే వేగం) 9600లో ఉంది. కెర్నల్ లాగ్‌లో ఒక కొత్త లైను: బాడ్ రేటు పెట్టడం కుదరలేదు, ఎర్రర్ -32. బూట్ మెనూలో 6.1 ఎంచుకుంటే అదే కేబుల్ వెంటనే పనిచేస్తుంది. షాపులో ఇంకో కేబుల్ ఉంది. డ్రైవర్ అదే, ఖరీదు మూడింతలు. అది 6.6లో కూడా బాగానే ఉంది.

పాత కెర్నల్‌లోనే ఉండిపో అంటున్నారు తెలిసినవాళ్లు. నాకు మనసొప్పడం లేదు. ఇదే చవక కేబుల్ చుట్టుపక్కల ఇంకో ఆరు చెరువుల దగ్గర నా చేతులతో పెట్టాను. డ్రైవర్‌లో ఏ మార్పు వల్ల ఇలా అయిందో కనిపెట్టే దారి చెప్పండి. సీ భాష చదవగలను, కెర్నల్ ఎప్పుడూ కంపైల్ చేయలేదు.

లంకవాసి:

ముందు చెరువుల సంగతి చూడండి. ఏడు చోట్లా ఈ రోజే 6.1 డిఫాల్ట్ చేసి, కెర్నల్ అప్‌డేట్లు ఆపెయ్యండి. మాది సఖినేటిపల్లి దగ్గర, మాకూ చెరువులున్నాయి. పగలు నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే తినేస్తుంది. సూర్యుడు రాకముందు గంటా రెండు గంటలే అన్నిటికన్నా తక్కువ. ఆ టైములో ప్రయోగాలు వద్దు.

రీడింగ్ ఐదు నిమిషాలు రాకపోతే మోగే ఏర్పాటు ఆ ల్యాప్‌టాప్‌లో పెట్టకండి. ల్యాప్‌టాపే ఆగిపోతే ఎవరు మోగిస్తారు? కబురు రాలేదని కనిపెట్టేది ఇంటి దగ్గరో, మీ షాపులోనో ఉండాలి.

గౌతమీపాయ:

ఉప్పుటేరు గారూ, పాత కెర్నల్‌లో ఉండిపోకూడదనుకోవడం సరైన ఆలోచన. పాత వెర్షన్‌కి సెక్యూరిటీ సవరణలు ఏదో ఒక రోజు ఆగిపోతాయి, ఆ రోజుకి ఈ సమస్య ఇలాగే ఉంటుంది. పైగా లినక్స్‌లో దీనికి గట్టి నియమం ఉంది. నిన్న పనిచేసింది కొత్త కెర్నల్‌లో పనిచేయకపోతే దాన్ని రిగ్రెషన్ అంటారు, దాన్ని సరిచేయాలి, లేదా ఆ మార్పును వెనక్కి తీసుకోవాలి. మీ కేబుల్ చవకదా, నకిలీదా అన్నది అక్కడ సాకు కాదు. కానీ ఏ కమిట్ (కోడ్‌లో నమోదైన ఒక్కో మార్పు) వల్ల పాడైందో చెప్పిన రిపోర్టుకి దొరికే శ్రద్ధ వేరు.

యూఎస్‌బీలో -32 అంటే డ్రైవర్ అడిగిన పనిని చిప్ స్టాల్ చేసిందని (కుదరదని తిప్పికొట్టిందని). అంటే కొత్త డ్రైవర్ మీ చిప్‌కి తెలియని భాషలో బాడ్ రేటు పెట్టమంటోందని నా అనుమానం. అనుమానం చాలదు కాబట్టి కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తో బైసెక్ట్ చేయండి. మంచి వెర్షన్, చెడ్డ వెర్షన్ చెప్తే మధ్యలో కమిట్ ఇస్తుంది. కంపైల్ చేసి, బూట్ చేసి, మంచిదో చెడ్డదో చెప్తే మిగిలినది మళ్లీ సగం. 6.1కీ 6.6కీ మధ్య డెబ్బై వేల కమిట్ల పైనే ఉన్నా, సగం సగం చేసుకుంటూ పోతే పదహారు పదిహేడు సార్లలో అయిపోతుంది. బైసెక్ట్‌ని డ్రైవర్స్ కింద యూఎస్‌బీ సీరియల్ ఫోల్డర్‌కే పరిమితం చేస్తే ఇంకా చాలా తక్కువ. అయితే తప్పు ఆ ఫోల్డర్ బయట ఉంటే జవాబు తప్పుగా వస్తుందని గుర్తుంచుకోండి.

మొదలుపెట్టే ముందు మెయిన్‌లైన్ (లినక్స్ అసలు మూలం కోడ్) 6.1, 6.6 రెండూ మీరే కంపైల్ చేసి ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అని కళ్లారా చూసుకోండి. మీ డిస్ట్రో (మీరు వాడే లినక్స్ కూర్పు) కెర్నల్‌లో దాన్ని తయారుచేసేవాళ్ల సొంత ప్యాచ్‌లు (సవరణలు) కలిసి ఉండొచ్చు. ఏవేవి కంపైల్ చేయాలో చెప్పే కాన్ఫిగ్‌కి మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడండి. అది ఇప్పుడు లోడై ఉన్న మాడ్యూళ్లనే (డ్రైవర్ల లాంటి విడి ముక్కలనే) ఉంచి మిగతావి తీసేస్తుంది, గంటల కంపైలింగ్ నిమిషాల్లోకి వస్తుంది. ఆ కమాండ్ కొట్టేటప్పుడు కేబుల్ పెట్టి ఉండాలి. లేకపోతే అసలు కావాల్సిన డ్రైవరే ఎగిరిపోతుంది.

ఉప్పుటేరు:

మూడు రాత్రులు కూర్చున్నానండి. సెన్సర్ షాపుకి తెచ్చి బకెట్ నీళ్లలో పెట్టాను. మెయిన్‌లైన్ 6.1 మంచిది, 6.6 చెడ్డది, మీరన్నట్టే తేలింది. ఫోల్డర్ వరకే బైసెక్ట్ చేస్తే ఆరు మెట్లు. చివరికి చూపించిన కమిట్‌లో ఉన్నది ఒక 4జీ మోడెమ్ ఐడీ, రెండే లైన్లు, అదీ వేరే డ్రైవర్‌లో. మన కేబుల్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. తప్పు ఆ ఫోల్డర్ బయట ఉందంటారా? పదిహేడు మెట్లూ ఎక్కాలా?

గౌతమీపాయ:

ఇంకా వద్దు. మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. అప్‌డేట్ వేసిన సాయంత్రం 6.6లోనే రీడింగ్ వచ్చిందన్నారు. కరెంటు పోయి వచ్చాకే ఆగింది. ఈ రెంటి మధ్యా తేడా ఏమిటి? సాయంత్రం చేసింది మామూలు రీబూట్, యూఎస్‌బీ పోర్టుకి కరెంటు ఆగి ఉండదు. రాత్రి పూర్తిగా పోయింది. బైసెక్ట్ చేసేటప్పుడు ప్రతి మెట్టుకీ కేబుల్ తీసి పెట్టారా, పెట్టి ఉండగానే రీబూట్ చేశారా?

ఉప్పుటేరు:

పెట్టి ఉండగానే చేశానండి! మీరడిగిన వెంటనే షాపుకెళ్లి చూశాను. 6.1లో ఒకసారి రీడింగ్ తీసి, కేబుల్ ముట్టుకోకుండా 6.6కి రీబూట్ చేస్తే లాగ్‌లో -32 పడుతుంది, అయినా రీడింగ్ వస్తుంది. కేబుల్ పీకి పదికి లెక్కపెట్టి పెడితే రీడింగ్ చస్తుంది. పాత కెర్నల్ పెట్టిన 9600 ఆ చిప్‌లో అలాగే మిగిలిపోతోంది. అంటే ఒక మంచి కెర్నల్ తర్వాత చెడ్డది బూట్ చేసిన ప్రతిసారీ నేను దానికి మంచిదని ముద్ర వేశాను.

లంకవాసి:

ఆ రాత్రి కరెంటు పోకుండా ఉంటే ఇంకెన్నాళ్లకి బయటపడేదో. ఇంకో ఆరు చెరువులు కూడా ఉన్నాయి కదా.

ఉప్పుటేరు:

పని అయిందండి, వివరంగా రాస్తాను.

బైసెక్ట్ మొదటినుంచి చేశాను. ఈసారి రీడింగ్ వచ్చిందా లేదా అన్నది వదిలేసి, ప్రతి మెట్టుకీ కేబుల్ పీకి పెట్టి, లాగ్‌లో -32 ఉందా లేదా అన్నదే చూశాను. మళ్లీ ఆరు మెట్లే. ఈసారి మన డ్రైవర్ ఫైల్‌లోనే ఆగింది. చిప్ ఏ రకమో గుర్తుపట్టే పద్ధతిని ఆ కమిట్ మార్చింది. మన చవక చిప్ తన వెర్షన్ నంబరు కొత్త చిప్‌లాగే చెప్తుంది. ఇంతకుముందు డ్రైవర్ ఆ నంబరు పట్టించుకోకుండా అందరితో పాత పద్ధతిలో మాట్లాడేది. ఇప్పుడు నంబరు నమ్మి కొత్త అభ్యర్థన పంపుతోంది, చిప్ స్టాల్ చేస్తోంది. యూఎస్‌బీలో వచ్చిపోయే సందేశాలు పట్టే యూఎస్‌బీమాన్‌తో రెండు కెర్నల్‌లలో పట్టి పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా ఒక్క కంట్రోల్ అభ్యర్థనలోనే. డెబ్బై వేల కమిట్లలోంచి ఆ ఒక్క వరుస కళ్ల ముందు కనిపించినప్పుడు బావకి ఫోన్ చేశాను, రాత్రి పదకొండున్నరకి. ఆయనకి ఏం అర్థమైందో గానీ "దొరికిందా" అన్నాడు.

కొత్త మెయిన్‌లైన్ మీద ఆ ఒక్క కమిట్‌నే రివర్ట్ చేసి (వెనక్కి తీసేసి) చూశాను, కేబుల్ పనిచేసింది. తర్వాత గెట్ మెయింటెయినర్ స్క్రిప్టుతో ఎవరికి రాయాలో తీసి, యూఎస్‌బీ మెయిలింగ్ లిస్టుకి, రిగ్రెషన్ల లిస్టుకి మామూలు టెక్స్ట్‌లో మెయిల్ పెట్టాను. రెగ్‌జ్‌బాట్ అనే ట్రాకర్ కోసం ఏ కమిట్‌తో మొదలైందో చెప్పే లైను కూడా రాశాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. కమిట్ నంబరు, రెండు లాగ్‌లు, కేబుల్ పీకి పెట్టాలన్న షరతు, ఈ మూడే రాశాను. మూడో రోజు ఆ డ్రైవర్ బాధ్యత చూసే మెయింటెయినర్ ఒక ప్యాచ్ పంపి పరీక్షించమన్నారు. కొత్త అభ్యర్థన స్టాల్ అయితే పాత పద్ధతికి వెనక్కి వెళ్లేలా చేశారు. చవక కేబుళ్లు రెండు, ఖరీదుది ఒకటి, మూడూ పీకి పెట్టి చూసి బాగుందని రాశాను. మెయిన్‌లైన్‌లో కలిశాక స్టేబుల్ కెర్నల్‌లకి (విడుదలయ్యాక సవరణలు అందుకునే వెర్షన్లకి) కూడా వెళ్తుందన్నారు. అది మా డిస్ట్రోలోకి వచ్చేదాకా ఏడు చెరువులూ 6.1 మీదే ఉంటాయి.

లంకవాసి గారూ, మీరు చెప్పిన అలారం షాపులో పెట్టాను. నిన్న కావాలని షెడ్డులో వైరు పీకితే ఆరో నిమిషంలో బావ ఫోను మోగింది.