ఏడు టైటిళ్ల హోరీ, ఒక్కటీ లేని బార్క్‌లీ: ఎవరి విలువను ఎలా తూచాలి?

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు)
కళాశాల జట్టులో ఆడే మా తమ్ముడికీ నాకూ వారం రోజులుగా ఒక వాదన నడుస్తోంది. రాబర్ట్ హోరీ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 16 సీజన్లు ఆడి, మూడు జట్ల తరఫున 7 టైటిళ్లు గెలిచాడు. అయితే మ్యాచ్‌కు అతని సగటు 7 పాయింట్లే, ఆల్‌స్టార్‌గా (సీజన్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు) ఒక్కసారి కూడా ఎంపిక కాలేదు. చార్లెస్ బార్క్‌లీ కూడా 16 సీజన్లే ఆడి, సగటున 22.1 పాయింట్లు, 11.7 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) సాధించి, 1993లో ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయినా టైటిల్ అందుకోలేదు. టైటిళ్లే కొలమానమని తమ్ముడు అంటున్నాడు. నాకు అది అన్యాయంగా తోస్తోంది. పెద్దలు వివరించగలరు.

జవాబు 1 (పటమట, విజయవాడ)
ఈ ఇద్దరినీ ఒకసారి బేరం పెట్టి చూశారండీ. 1996లో హ్యూస్టన్ జట్టు ఒక్క బార్క్‌లీ కోసం హోరీ, శామ్ కాసెల్‌తో సహా నలుగురు ఆటగాళ్లను ఫీనిక్స్‌కు ఇచ్చింది. అంతకుముందు 1994, 1995లలో వరుసగా టైటిళ్లు గెలిచిన ఆ జట్టు ఆ తరువాత మళ్లీ గెలవలేదు. దీన్నిబట్టి బార్క్‌లీ తక్కువవాడని నేను అనను, ఎందుకంటే అప్పటికి అతనికి ముప్పై మూడేళ్లు, గాయాలు కూడా మొదలయ్యాయి.

జవాబు 2 (సత్యనారాయణపురం, విజయవాడ, పిల్లలకు శిక్షణ ఇస్తుంటాను)
టైటిల్ జట్టుది, పాత్ర ఆటగాడిది. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే మీ వాదన తెగడం లేదు. కబడ్డీలో రైడర్ తెచ్చిన పాయింట్లే అందరికీ గుర్తుంటాయి గానీ, మూలలో కాచుకుని నిలబడి చీలమండ పట్టినవాడు లేకపోతే ఆ ఆధిక్యం నిలవదు. 2002లో శాక్రమెంటోపై నాలుగో మ్యాచ్ చివరి క్షణంలో, హోరీ అప్పటి జట్టు లేకర్స్ స్టార్లు కోబీ, షాక్ ఇద్దరి ప్రయత్నాలూ తప్పి, ప్రత్యర్థి బయటికి తట్టిన బంతి మూడు పాయింట్ల గీత దగ్గర నిలబడ్డ హోరీ చేతికి వచ్చింది. అతడు వేసిన షాట్‌తో లేకర్స్ 100-99తో గెలిచింది. బంతి రావడం అదృష్టమే కావచ్చు, అందరూ రింగ్ కిందికి ఎగబడినప్పుడు తన చోటు వదలకుండా ఉండటం మాత్రం క్రమశిక్షణ.

ఆండ్రే ఇగువోడాలా సంగతి ఇంకా స్పష్టం. 2014-15 లీగ్ దశలో ఒక్క మ్యాచ్‌లోనూ ఆరంభ అయిదుగురిలో లేని అతడు, ఫైనల్‌లో గోల్డెన్ స్టేట్ 1-2తో వెనుకబడ్డాక నాలుగో మ్యాచ్ నుంచి ఆరంభంలోనే దిగి, ప్రత్యర్థి స్టార్ లెబ్రాన్‌ను అడ్డుకుని, ఫైనల్ ఎంవీపీ అయ్యాడు. మా పిల్లల ఆటలో నేను బాక్స్ అవుట్లనూ (ప్రత్యర్థి బంతిని అందుకోకుండా శరీరంతో అడ్డు నిలవడం), చేయి తగిలి దారి మళ్లిన బంతులనూ విడిగా నోటు పుస్తకంలో రాసుకుంటాను. స్కోరు పుస్తకంలో వాటికి చోటు ఉండదు.

జవాబు 3 (బ్రాడీపేట, గుంటూరు)
శిక్షకులు గారి మాటకు ఒక చేర్పు. ఎన్‌బీఏ బ్లాకులను (ప్రత్యర్థి షాట్‌ను గాలిలోనే అడ్డుకోవడం) లెక్కించడం 1973-74లో మొదలైంది. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన బిల్ రస్సెల్ 1969లోనే విరమించాడు కనుక, అతని అసలు బలం లెక్కల్లోకే ఎక్కలేదు. ప్లస్-మైనస్ (ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు రెండు జట్ల స్కోరు తేడా) దీనికి కొంత మందు గానీ, గొప్పవాళ్ల పక్కన ఆడినవాడి అంకె ఉత్తపుణ్యానికే పెరుగుతుంది. అతడు కోర్టులో ఉన్న నిమిషాలనూ, అదే సహచరులతో అతడు లేని నిమిషాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు. ఆదివారం తమ్ముడి మ్యాచ్‌కు నేను కూడా నోటు పుస్తకం తీసుకువెళ్తున్నాను. ఒకరు బాక్స్ అవుట్ చేసి, రీబౌండ్ మాత్రం చివరికి సహచరుడికి దక్కితే, దాన్ని ఎవరి ఖాతాలో రాయాలో శిక్షకులు గారు చెప్పగలరా?