విషయం: రెండో తరగతి బాబుకు రోడ్డు జాగ్రత్తలు, మత్తు పదార్థాల సంగతి ఎలా చెప్పాలి?

ఫ్రిస్కోకు కొత్తగా వచ్చిన తల్లి:
అందరికీ నమస్కారం. ఈ వేసవిలో వరంగల్ నుంచి టెక్సాస్‌కు వచ్చాము. బాబు స్కూలు బస్సులో వెళ్తున్నాడు. అక్టోబరు చివర్లో జరిగే, మాదకద్రవ్యాలకు దూరంగా ఉండాలని పిల్లలకు చెప్పే రెడ్ రిబ్బన్ వారం గురించి బడి నుంచి కాగితం వచ్చింది. ఏడేళ్ల పిల్లవాడితో మద్యం, మాదకద్రవ్యాల మాట ఇప్పుడే ఎత్తవచ్చా? రోడ్డు విషయంలో ఏమి నేర్పాలో కూడా పెద్దలు చెప్పగలరు.

ప్లేనో నుంచి:
అమ్మా, ముందు రోడ్డు సంగతి చూడండి. మన ఊళ్లలో రోడ్డు దాటేవారి మీదికి మొదటి బండి కుడి నుంచి వస్తుంది కనుక బాబు చూపు అలవాటుగా అటే తిరుగుతుంది. ఇక్కడ అది ఎడమ నుంచి వస్తుంది. ఎడమ, కుడి, మళ్లీ ఎడమ అని చెప్పి వదిలేస్తే రాదు. చెయ్యి పట్టుకుని రోజూ దాటిస్తూ వాడి నోటితోనే చెప్పించాలి. ఎర్రదీపం ఉన్నా చాలాచోట్ల కార్లు ఆగి, చూసుకుని, కుడివైపు తిరగవచ్చు. ఆ డ్రైవర్ల దృష్టి ఎడమ నుంచి వచ్చే కార్ల మీదే ఉంటుంది కాబట్టి, నడిచేవారి గుర్తు వెలిగినా డ్రైవరు తనను చూశాడని తెలిసేవరకు అడుగు వేయవద్దని నేర్పండి. బస్సు చుట్టూ 10 అడుగుల మేర చాలా ప్రమాదకరం. కాగితం బస్సు కిందికి ఎగిరిపోయినా వంగి తీయకూడదు. మరో మాట, 8 ఏళ్లు నిండని పిల్లలు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తుకు చేరకపోతే, కారులో బూస్టర్ (ఎత్తు పెంచే సీటు) వంటి పిల్లల సీటు టెక్సాస్‌లో చట్టప్రకారం తప్పనిసరి.

సియాటిల్ నుంచి:
ఆగి ఉన్న బస్సుకు ఎర్రదీపాలు మెరుస్తున్నా, రోడ్డుకు మూడు లేదా అంతకన్నా ఎక్కువ వరుసలు (లేన్లు) ఉంటే ఎదురుగా వచ్చే కార్లు ఆగనక్కరలేదని కూడా చెప్పాలి.

ప్లేనో నుంచి:
అది మీ వాషింగ్టన్ రాష్ట్రపు నియమం. టెక్సాస్‌లో రెండు దారులనూ గట్టు వంటిది విడదీస్తేనే ఆ మినహాయింపు; నడుమ ఎడమకు తిరిగే వరుస మాత్రమే ఉంటే రెండువైపులా ఆగాలి. కొత్తవారిని దయచేసి గందరగోళపరచకండి.

సియాటిల్ నుంచి:
ఒప్పుకుంటాను. రాష్ట్రానికో తీరు ఉన్నందువల్లనే, కార్లు ఆగుతాయన్న భరోసా బిడ్డకు ఇవ్వవద్దంటున్నాను.

న్యూజెర్సీ నుంచి:
అడగకపోయినా మాత్రల సంగతి చెప్పక తప్పదు. మా అత్తగారు ఇండియా నుంచి తెచ్చిన జ్వరం మాత్రను మధ్యాహ్నం వేసుకోమని పాప పెన్సిల్ సంచిలో పెట్టారు. తలనొప్పి అన్న స్నేహితురాలికి పాప అందులో సగం విరిచి ఇవ్వబోతుండగా టీచరు చూశారు. మేము వెళ్లేసరికి పాపను ఆఫీసులో ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తున్నారు. తాను చేసినదాంట్లో అపాయమేమిటో ఏడుస్తున్న బిడ్డకు ఒక్కరూ వివరించలేదు. మందులను నర్సుకే అప్పగించాలన్న నియమం న్యాయమైనదే, కానీ ఆ తీరులో దయ లేదని నేటికీ అంటాను. మీ బాబుకు మాదకద్రవ్యాల పేర్లతో పని లేదు. అమ్మో నాన్నో నర్సో ఇస్తే తప్ప ఏ మాత్రా మింగకూడదని, ఎవరిచ్చిన గమ్మీనైనా (మెత్తగా సాగే మిఠాయి) ఇంట్లో చూపించాకే తినాలని చెప్పండి. గంజాయి కలిపిన గమ్మీలు అచ్చం మిఠాయిల్లాగే ఉంటాయి. ఏదైనా మింగాడని అనుమానం వస్తే విషప్రభావ సహాయ కేంద్రం నంబరు 1-800-222-1222. స్పృహ తప్పితే మాత్రం నేరుగా అత్యవసర నంబరు 911.

హ్యూస్టన్ నుంచి:
1985లో హత్యకు గురైన కికీ కమరేనా అనే మాదకద్రవ్య నిరోధక అధికారి స్మృతిలో మొదలైనదే ఆ రెడ్ రిబ్బన్ వారం. బడిలో రిబ్బను కడతారు, మంచిదే. అయితే మన విందుల్లో పిల్లల చేత బీరు సీసాలు తెప్పించే అలవాటును ముందు మానాలి. తాగినవారు నడిపే కారు, అది కన్నతండ్రిదైనా సరే, ఎక్కనని చెప్పవచ్చని బాబుకు ఇప్పుడే నేర్పండి, అలా చెప్పిన రోజున ఇంట్లో ఎవరూ కోప్పడరని మీ వారి చేతనే వాడికి మాట ఇప్పించండి.