వైల్, వెన్, యాజ్: రెండు పనులు ఒకేసారి జరిగితే ఏది వాడాలి?

ప్రశ్న:
గ్రామర్ బిట్స్ ప్రాక్టీస్ చేస్తున్నానండి, రెండు పనులు ఒకేసారి జరిగే సెంటెన్స్ ఇచ్చి మధ్యలో ఖాళీ పెడతారు కదా, అక్కడ నాకు వైల్, వెన్, యాజ్ మూడూ కరెక్టే అనిపిస్తాయి. "ఐ వాజ్ రీడింగ్ ___ ద లైట్స్ వెంట్ అవుట్" అనేదానికి కీలో వెన్ అని ఇచ్చారు. వైల్ ఎందుకు రాదు? రెండూ ఒకే టైమ్‌లో జరిగినవే కదా?

జవాబు 1:
ఖాళీ తర్వాత వచ్చే పని ఎంతసేపు సాగిందో చూడండి. చదవడం అలా సాగుతూ ఉంది, లైట్లు పోవడం క్షణంలో అయిపోయింది. వైల్ పక్కన సాగే పనే ఉండాలి, అందుకే తిప్పి "వైల్ ఐ వాజ్ రీడింగ్, ద లైట్స్ వెంట్ అవుట్" అంటే కరెక్టే. రెండూ సాగేవే అయితే వైల్ పెట్టేయండి, "షి వాజ్ సింగింగ్ వైల్ హి వాజ్ ప్లేయింగ్ ద వయొలిన్". ఇంకోటి, "వెన్ ఐ ఓపెన్డ్ ద డోర్, ద డాగ్ రాన్ అవుట్" లాగా రెండు వైపులా సింపుల్ పాస్ట్ ఉంటే చాలాసార్లు ఒకదాని వెంటే ఇంకోటి అని అర్థం, ఒకేసారి అని కాదు.

జవాబు 2:
యాజ్ గురించి ఎవరూ చెప్పలేదు. మనం "కొద్దీ" అనే చోట అదే వస్తుంది. చీకటి పడేకొద్దీ రోడ్డు ఖాళీ అయింది, "యాజ్ ఇట్ గాట్ డార్కర్, ద రోడ్ బికేమ్ ఎంప్టీ". ఇక్కడ వైల్ అస్సలు బాగోదు. రెండూ క్షణంలో అయ్యేవైతే జస్ట్ యాజ్, "జస్ట్ యాజ్ ఐ సాట్ డౌన్, ద బెల్ ర్యాంగ్". కాకపోతే యాజ్‌కి "కాబట్టి" అనే అర్థం కూడా ఉంది, డౌట్ వచ్చేలా ఉంటే వైల్ రాయడమే మంచిది.

జవాబు 3:
ఎగ్జామ్‌లో ఎక్కువ మంది పడిపోయేది వైల్ తర్వాత ఇంగ్ ఫామ్ దగ్గర. "వైల్ వాకింగ్ హోమ్, ఇట్ స్టార్టెడ్ రెయినింగ్" తప్పు, ఎందుకంటే నడిచేది ఒకరు, మొదలైంది వాన. తెలుగులోనూ "ఇంటికి నడుస్తూ వాన మొదలైంది" అంటే చెవికి ఎబ్బెట్టుగానే ఉంటుంది, "నడుస్తుండగా" అనాలి. సబ్జెక్ట్ ఒకటే అయితే "నడుస్తూ" లాగా ఇంగ్ పెట్టొచ్చు, వేరైతే "వైల్ ఐ వాజ్ వాకింగ్" అని పూర్తిగా రాయాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ అందరికీ, "నడుస్తూ, నడుస్తుండగా" తేడాతో బాగా అర్థమైంది. మరి "డోంట్ యూజ్ యువర్ ఫోన్ ___ యు ఆర్ డ్రైవింగ్" అని ఇచ్చి ఆప్షన్స్‌లో వైల్, వెన్ రెండూ ఉంటే?

జవాబు 1:
గ్రామర్ ప్రకారం రెండూ కరెక్టే అండి, వెన్ పక్కన సాగే పని కూడా రావచ్చు. ఒకటే పెట్టాలంటే వైల్ పెట్టండి, నడుపుతున్నంతసేపూ అనేది అందులోనే గట్టిగా తెలుస్తుంది. డ్యూరింగ్ ఇచ్చినా దాని జోలికి పోవద్దు, దాని తర్వాత నౌన్ రావాలి.